ఐదో గడి

వారం కావస్తోంది, సిస్టర్ వెనక గేటు నుంచే డ్యూటీకి వస్తోంది. ముందు గేటు అయితే బస్సు దిగి నాలుగడుగులు. వెనక గేటుకి ప్రహరీ మొత్తం చుట్టి రావాలి, లాండ్రీ గొట్టాల కింద తల వంచాలి, మార్చురీ ముందు నుంచి నడవాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మార్చురీ అంటే ఆమెకి భయం పోయింది. భయమల్లా ముందు గేటు పక్కన, వాచ్‌మన్ గది గోడకి ఆనించి వేసిన బల్ల మీద కూర్చున్న మనిషంటేనే.

ఆ మనిషి పొడుగాయమ్మ. ఆస్పత్రిలో ఆయాలు పదిమంది ఉన్నా, స్టూలు ఎక్కకుండా కిటికీ పైగడియ వేయగలిగేది ఆమె ఒక్కతే కాబట్టి ఆ పేరు. విచారణ తేలేదాకా వార్డులో అడుగు పెట్టకూడదన్నారు. అలాగని ఇంట్లోనూ ఉండకూడదట. రోజూ డ్యూటీ వేళకి వచ్చి గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి, షిఫ్టు అయ్యేదాకా ఆ బల్ల మీద కూర్చోవాలి. ఏ మహానుభావుడు రాశాడో ఆ రూలు! వచ్చిపోయే జనం ఆమెనే దారి అడుగుతారు. ఎక్స్‌రే ఎటు, రక్తపరీక్ష ఎటు, మందులిచ్చే కిటికీ ఎటు అని. ఆమె లేచి నిలబడి, చెయ్యి చాచి మరీ చూపిస్తుంది.

గురువారం పొద్దున సిస్టర్ ఆడవాళ్ళ వార్డులోకి వచ్చేసరికి చిన్న సిస్టర్ ట్రాలీ తోసుకుంటూ ఎదురొచ్చింది.

"అక్కా, ప్రశ్నలమ్మాయి వచ్చింది. ఇవాళ రోజంతా మనతోనేనట."

"మనతో ఏం పని?"

"చూస్తుందట. మనం ఏం చేస్తే అది."

"అయితే ఓ స్టూలు వెయ్యి. సినిమా మొదలుపెడదాం."

ఆ అమ్మాయికి సూపరింటెండెంటు ఆఫీసులో బారెడు హోదా ఉంది కానీ వార్డుల్లో మాత్రం ప్రశ్నలమ్మాయే. ఏడాది కిందట వచ్చిన కంప్యూటర్ సిస్టమ్‌ని తిరగరాసే జట్టులో మనిషి. మొదటిసారి కట్టినవాళ్ళు వార్డు మొహం చూడకుండా కట్టారు, ఈసారి వాడేవాళ్ళని అడిగి, పక్కన కూర్చుని చూసి కడతామన్నారు. 'అందరి ఆలోచన' అని మెట్ల గోడల నిండా కాగితాలు అంటించారు. డాక్టరు దగ్గర్నుంచి వంటమనిషి దాకా, మంచం మీది రోగి అయినా సరే, ఎవరికి ఏం తోచినా చెప్పొచ్చు. మిగతావాళ్ళు ఓటు వేస్తారు. నెగ్గిన ఆలోచన నెల తిరక్కుండా సర్కారు ఆస్పత్రులన్నిటి సిస్టమ్‌లోకీ వచ్చేస్తుంది. అమ్మాయి మంచిదే. అడిగిన ప్రతిదానికీ జవాబు నిజంగా వింటుంది. అందుకే సిస్టర్‌కి ఆమె దగ్గర ఒళ్ళు ముడుచుకుపోయింది.

ట్రాలీ మీద ట్యాబు, ట్యాబులో మంచానికో షీటు, షీటుకి ఐదు గడులు. జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్, ఊపిరి. మొదటి నాలుగింటికీ పరికరాలున్నాయి. తగిలిస్తే అంకె అదే వస్తుంది. ఐదోదానికి ఏ పరికరమూ ఇవ్వలేదు. రోగి పక్కన కూర్చుని, గడియారం చూస్తూ, ఛాతీ ఎన్నిసార్లు లేచిందో ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి. ముప్ఫై రెండు మంచాలకి ముప్ఫై రెండు నిమిషాలు. గడి నిండకపోతే షీటు మూసుకోదు. వేళకి షీట్లు మూసుకోకపోతే సూపరింటెండెంటు గది గోడ మీదున్న తెరలో వార్డు ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే ఫోను మోగుతుంది.

అందుకని ఐదో గడిలో అందరూ పద్దెనిమిది వేస్తారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరి పన్నెండుకీ ఇరవైకీ మధ్య ఉంటుంది కాబట్టి పద్దెనిమిదిని ఎవరూ వేలెత్తి చూపరు. చిన్న సిస్టర్ లాంటి కాస్త కళాపోషణ ఉన్నవాళ్ళు మధ్యమధ్య ఓ పదిహేడు, ఓ పంతొమ్మిది చల్లుతారు. వార్డులు పచ్చగా ఉంటాయి. పోయిన శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి పదకొండో నంబరు మంచానికి కూడా సిస్టర్ పద్దెనిమిదే వేసింది.

ఆ మంచం మీద అప్పుడు టైలరమ్మ ఉంది. ఉన్న మూడు రోజులూ చేతిలో టేపు లేకుండా కళ్ళతోనే వార్డులో అందరి కొలతలూ తీసేసింది. "సిస్టరమ్మా, మీ కోటు భుజాలు అరంగుళం జారాయి. నేను లేచాక ఇవ్వండి, ఎత్తి కుడతాను" అనేది. శుక్రవారం మధ్యాహ్నం పొడుగాయమ్మ వచ్చి, "పదకొండో నంబరావిడ ఎగపోస్తోందమ్మా, ఊపిరి అందడం లేదు, ఒకసారి చూడండి" అంది. ఆక్సిజన్ తొంభై ఐదు ఉంది కదా అని, "వస్తున్నా" అంది సిస్టర్. కాసేపాగి ఆయమ్మ మళ్ళీ వచ్చింది. అప్పుడే కొత్త రోగిని స్ట్రెచర్ మీద తెచ్చారు. "చూస్తానన్నాను కదా!" అని సిస్టర్ కసిరింది. చూడలేదు. నాలుగింటికి టైలరమ్మ పోయింది.

విచారణలో సూపరింటెండెంటు ట్యాబు ఆమె ముందు పెట్టారు. "ఆయా మీకు రెండుసార్లు చెప్పానంటోంది. చెప్పి ఉంటే మీరు చూసే ఉంటారు. రెండింటికి చూసినట్టు రికార్డులో ఉంది, అంతా బాగానే ఉంది. అంటే మనిషి ఆ తరవాత పాడైంది, పక్కనే ఉన్న ఆయా మీ చెవిన వేయలేదు. అంతేనా?" సిస్టర్ ఆ అంకె వంక చూసింది. ఆ తరవాత ఆమె నోటి నుంచి వచ్చిన మాట, "నాకు గుర్తు లేదు సార్."

ఇప్పుడు ప్రశ్నలమ్మాయి స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని చూస్తోంది. ఆ కళ్ళ ముందు పద్దెనిమిది వేయడానికి సిస్టర్‌కి చెయ్యి రాలేదు. మొదటి మంచం పక్కన కూర్చుంది. గడియారం తిప్పుకుని లెక్కపెట్టింది. పదహారు. రెండో మంచం, ఇరవై. మూడో మంచం మీది పడుచుపిల్ల, ఎవరో తన ఛాతీ వంక చూస్తున్నారని ఊపిరి బిగబట్టింది. "నువ్వు మామూలుగా ఉండవే తల్లీ, నేను కిటికీ చూస్తున్నాను" అని, నాడి పట్టుకున్నట్టు నటిస్తూ ఓరకంట లెక్కపెట్టింది. ప్రశ్నలమ్మాయి నవ్వుతూ అది కూడా రాసుకుంది.

సిస్టర్ పదకొండో నంబరు పక్కన కూర్చుంది. ఇప్పుడు అక్కడున్నది వేరే మనిషి, కాలికి కట్టుతో హాయిగా నిద్రపోతోంది. ఛాతీ నిమ్మళంగా లేస్తోంది, దిగుతోంది. కానీ సిస్టర్ చెవికి వినిపిస్తున్నది ఆ ఊపిరి కాదు. పొట్టిపొట్టిగా, మెట్టెక్కలేక ఆగి మళ్ళీ ఎక్కుతున్నట్టు ఉండే ఊపిరి. వారం నుంచి అది ఎక్కడపడితే అక్కడ వినిపిస్తోంది. బస్సు తలుపు మూసుకుంటే అందులో, కత్తెరలు మరిగించే గదిలో ఆవిరి లేస్తే అందులో. ఆమె రెండుసార్లు లెక్క తప్పి, మూడోసారి మొదలుపెట్టింది. "పద్నాలుగు" అని పైకే చెప్పి వేసింది.

ముప్ఫై రెండు మంచాలూ అయ్యేసరికి వార్డు ఎర్రబడింది, ఫోను మోగింది, చిన్న సిస్టర్ చీవాట్లు తింది.

"ఏంటక్కా ఇది? ఇవాళే పుట్టినట్టు" అంది గొంతు తగ్గించి.

ప్రశ్నలమ్మాయి మాత్రం లేచి వచ్చి సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "మేడమ్, ఒక్కో మంచం దగ్గరా నిమిషం కూర్చున్నారు. నేను టైము రాసుకున్నాను. ఇంత పని మీ మీద పడుతోందని మాకు నిజంగా తెలీదు. ఇవాళ చూశాక నాకు నమ్మకం కుదిరింది, ఆ ఆలోచనే సరైనది."

"ఏ ఆలోచన?"

చిన్న సిస్టర్ సిగ్గుపడుతూ పక్క చూపులు చూసింది. ఆమె చెప్పిన ఆలోచనే ఓట్లలో అన్నిటికన్నా పైన ఉందట. ఐదో గడిలో పద్దెనిమిది దానంతట అదే పడి ఉంటుంది. ఎవరికైనా తేడాగా ఉంటే నర్సు మార్చుకుంటుంది. సోమవారం సూపరింటెండెంటు సంతకం పెడితే బుధవారం నుంచి అన్ని ఆస్పత్రుల్లోనూ అంతే.

"వద్దు" అంది సిస్టర్.

"ఎందుకు మేడమ్?"

సిస్టర్ నోరు తెరిచింది. ప్రశ్నలమ్మాయి పెన్ను పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. ఆ పిల్ల మొహంలో కపటం లేదు. కారణం చెబితే అక్షరం పొల్లుపోకుండా రాసుకుని పైకి తీసుకెళ్ళేలా ఉంది. ఒక్క మాట చెబితే చాలు, గేటు దగ్గరి మనిషి లోపలికి వస్తుంది. కానీ ఆ మాట వెనకే తన ఇరవై రెండేళ్ళూ గేటు బయటికి వెళతాయి.

"ఊరికే. నాకెందుకో నచ్చలేదు."

"నా ఆలోచన నెగ్గితే నీకు కడుపుమంటా అక్కా?" అని చిన్న సిస్టర్ నవ్వేసింది. ప్రశ్నలమ్మాయి నోటుపుస్తకం మూసింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అమ్మ కుర్చీలో కునికింది. సిస్టర్ బట్టలు మడత పెడుతూ అమ్మ వంక చూసింది. చూపు తిప్పుకోలేకపోయింది. చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, గోడ గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్ఫై సెకన్లు గడిచాయో లేదో అమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఏమే, మీద పడి చూస్తున్నావు? ఉన్నానా, పోయానా అనా?"

"ఉన్నావులే."

"మరి ఆ మొహం ఏంటి? నేనుంటే అంత బాధగా ఉందా?"

సిస్టర్ నవ్వబోయి ఏడ్చేసింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అంతా చెప్పింది. టైలరమ్మ సంగతి, ఆయమ్మ సంగతి, తనకి గుర్తు లేదన్న సంగతి. అమ్మ అంతా విన్నాక కొంగుతో కూతురి ముక్కు తుడిచింది, ఐదేళ్ళ పిల్లకి తుడిచినట్టు.

"నువ్వు లెక్కపెట్టాల్సింది నా ఊపిరి కాదు కదే. లే. వెళ్ళి ఆవిడ ముందు నిలబడు ముందు."

ఆయమ్మ ఇల్లు బస్సు డిపో వెనక మూడో సందులో ఉంది. తలుపు తీసే ఉంది. ఒకే గది, ఓ పక్క పొయ్యి, ఓ పక్క మంచం. ఆయమ్మ నేల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద ఇస్త్రీ చేస్తోంది. సిస్టర్‌ని చూసి లేవబోయింది. అలవాటు కొద్దీ తల కాస్త వంచింది, పైకప్పు తగులుతుందేమోనన్నట్టు.

"రండమ్మా. మీరొచ్చారేంటి? కూర్చోండి, మంచం మీద కూర్చోండి."

సిస్టర్ నేల మీదే కూర్చుంది. దుప్పటి మీద ఉన్నది యూనిఫారం. దానికి గంజి పెట్టారు.

"రేపట్నుంచి డ్యూటీ ఇచ్చారమ్మా" అంది ఆయమ్మ. "నిన్న సాయంత్రం ఆఫీసు గుమాస్తా గేటు దగ్గరికే కాగితం పట్టుకొచ్చాడు. నాకు చదువు అంతంత మాత్రం కదా, చదివి వినిపించమన్నాను. రెండుసార్లు చదివించుకున్నాను."

"ఏముంది అందులో?"

ఆయమ్మ ఇస్త్రీపెట్టె మెడపట్టీ మీద నెమ్మదిగా నడిపించింది. "రోగి సంగతి నేను సిస్టరుగారికి చెప్పలేదు. రోగుల పరిస్థితి చూసి చెప్పడం నా పని కాదని తెలుసుకున్నాను. ఇకమీదట నా పని నేను చూసుకుంటాను. ఇంతే. కింద సంతకం పెట్టాను."

"కానీ నువ్వు చెప్పావు ఆయమ్మా. రెండుసార్లు చెప్పావు."

ఆయమ్మ ఇస్త్రీపెట్టె నిలువుగా నిలబెట్టింది. సిస్టర్ మొహంలోకి చూసింది.

"అయితే మీకు గుర్తుందన్నమాట" అంది.

రేపు పొద్దున్నే సూపరింటెండెంటు దగ్గరికి వెళతానంది సిస్టర్. నువ్వు చెప్పినా నేను చూడలేదని, ఆ అంకె లెక్కపెట్టకుండా వేశానని చెబుతానంది. అది వినగానే ఆయమ్మ ముందుకు వంగి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా. మీకు దండం పెడతాను, వద్దు. నేను ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు చెప్పుంటే మీ కాళ్ళు కడిగేదాన్ని. ఇప్పుడు మీరు నిజం చెబితే నా సంతకం అబద్ధం అయిపోతుంది. అబద్ధం రాసిచ్చిన ఆయాని ఎవరు ఉంచుకుంటారు? మిమ్మల్ని ఏదో నాలుగు రోజులు పక్కన పెట్టి మళ్ళీ తీసుకుంటారు. నన్ను ఇంకోసారి గేటు దగ్గర కూర్చోబెట్టరు, అటు నుంచి అటే పొమ్మంటారు. నా పొట్ట కొట్టకండి."

"మరి ఆవిడ?"

"పోయినావిడ పోయింది. ఆవిడ నాకూ కళ్ళల్లోనే ఉంది. అయినా నేను బతకాలి కదమ్మా."

సిస్టర్ చెప్పనని మాటిచ్చింది. ఆయమ్మ ఊరట పడి, టీ పెడతానంది. సిస్టర్ అది కూడా తాగింది. తిరిగి వస్తుంటే కాళ్ళు తేలిగ్గా నడిచాయి. అందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం ముందు గేటు నుంచే వెళ్ళింది. బల్ల ఖాళీగా ఉంది. వాచ్‌మన్ దాని మీద తన టిఫిన్ డబ్బా పెట్టుకున్నాడు. వార్డులో ఆయమ్మ నేల తుడుస్తోంది. గంజి పెట్టిన యూనిఫారం నడిస్తే గరగరమంటోంది. చిన్న సిస్టర్, "వచ్చావా, కిటికీలన్నీ నీ కోసం బెంగ పెట్టుకున్నాయి" అని వేళాకోళమాడితే చిరునవ్వు నవ్వింది, మాట్లాడలేదు. పూర్వం ఒక్కో మంచం దగ్గరా ఆగి, తలగడ సర్దుతూ ఊరూ పేరూ అడిగే మనిషి, ఇవాళ మంచాల కాళ్ళ చుట్టూ గుడ్డ తిప్పుకుంటూ వెళ్ళిపోతోంది.

ప్రశ్నలమ్మాయి పదింటికి వచ్చింది. ఆయమ్మని చూసి ముచ్చటపడి దగ్గరికి వెళ్ళింది.

"మీరేనా పొడుగాయమ్మగారు? మీతో మాట్లాడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. రోజంతా ఈ మంచాల మధ్య తిరిగేది మీరే కదా. ఎవరికి ఎలా ఉందో ముందు తెలిసేది మీకే. సిస్టమ్‌లో ఏముంటే మీకు బాగుంటుంది? మీ ఆలోచన ఏదైనా చెప్పండి."

ఆయమ్మ చేతిలో గుడ్డ పిండింది. "నాకు ఆలోచనలేం లేవమ్మా. కాస్త కాలు తీస్తారా, తడి ఉంది."

పదకొండున్నరకి సిస్టర్ ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని నడుస్తుండగా ఆ ఊపిరి వినిపించింది. పొట్టిపొట్టిగా, ఆగి ఆగి, మళ్ళీ. ఆమె పళ్ళ బిగువున నడిచింది. వారమంతా అదే పని కదా, వినబడినప్పుడల్లా వినబడనట్టు నడవడం. చివరి మంచం దాకా వెళ్ళి ఇంజెక్షన్ ఇచ్చి, దూది పారేసింది. ఊపిరి ఆగలేదు. ఎప్పుడూ ఇంతసేపు ఉండదు. వెనక్కి తిరిగింది.

నాలుగో నంబరు మంచం మీద నిన్న చేరిన ముసలావిడ ఉంది. ఆయమ్మ ఆ మంచం పక్కనే నిలబడి దుప్పటి అంచు దోపుతోంది. దోపిన అంచునే మళ్ళీ లాగి దోపుతోంది. చూపు మాత్రం సిస్టర్ మీదే ఉంది. సిస్టర్ ట్రే అక్కడే పడేసి వెళ్ళి కూర్చుంది. ముసలావిడ పెదాలు ఎండిపోయాయి, మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. నిమిషం కూడా ఆగక్కర్లేకపోయింది. అయినా లెక్కపెట్టింది. ముప్ఫై ఆరు. ట్యాబు తెరిస్తే, పది గంటల రౌండులో చిన్న సిస్టర్ వేసిన పదిహేడు కనిపించింది.

ఆ తరవాత అంతా పరుగే. డాక్టరు వచ్చారు, ఆక్సిజన్ పెట్టారు, గంటలోపు ముసలావిడని పై అంతస్తుకి తరలించారు. "ఇంకో గంటైతే చేయి దాటేది" అని డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నారు. చిన్న సిస్టర్ గోడకి చేరగిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

ఆయమ్మ బకెట్లు కడిగే గదిలో ఉంది. సిస్టర్ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"ఎప్పట్నుంచి అలా ఉంది ఆవిడకి?"

"ఎనిమిదింటికి దుప్పటి మార్చేటప్పుడు చూశానమ్మా. అప్పటికే ఎగపోస్తోంది."

"ఎనిమిదింటికా? మూడున్నర గంటలు! మరి చెప్పలేదేం ఆయమ్మా?"

ఆయమ్మ పంపు కట్టేసింది. ఆమె మొహంలో దెప్పిపొడుపు ఏ మూలా లేదు. భయం ఒక్కటే ఉంది.

"రాసిచ్చాను కదమ్మా" అంది.

సిస్టర్ తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. వార్డు దాటి, మెట్లు దిగి, సూపరింటెండెంటు గది దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. నిన్న ఇచ్చిన మాట గుర్తుంది. దాన్ని తప్పుతున్నానని కూడా తెలుసు.

గదిలో ప్రశ్నలమ్మాయి బల్లకి ఇవతల కూర్చుని ఉంది, సంతకానికి కాగితాలు సర్దుతూ. గోడ మీది తెరలో వార్డులన్నీ పచ్చగా ఉన్నాయి. సిస్టర్ కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వెనక పట్టుకుని నిలబడే చెప్పింది. ఆయా నాకు రెండుసార్లు చెప్పింది. నేను చూడలేదు. రెండు గంటల అంకె లెక్కపెట్టి వేసింది కాదు. అదొక్కటే కాదు, అన్నీ అంతే. ఇవాళ పొద్దున నాలుగో నంబరుకి వేసిందీ అంతే. ఆయా రాసిచ్చిన కాగితం ఉద్యోగం కోసం రాసిచ్చింది.

సూపరింటెండెంటు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చెడ్డ మనిషి కాదు. తెల్లారి లేస్తే ఎనిమిది వందల మంది రోగులు, అరవై ఖాళీ పోస్టులు ఆయన నెత్తిన ఉంటాయి.

"అన్నీ అంతే అంటున్నారు" అన్నారు. ప్రశ్నలమ్మాయి వైపు తిరిగారు. "నువ్వు వార్డుల్లో కూర్చుని చూశావు కదమ్మా. నిజమేనా?"

ఆ అమ్మాయి ఇబ్బందిగా నోటుపుస్తకం తిప్పింది. "నాకలా అనిపించలేదు సార్. గురువారం రోజంతా మేడమ్ పక్కనే ఉన్నాను. ముప్ఫై రెండు మంచాల దగ్గరా నిమిషం నిమిషం కూర్చుని లెక్కపెట్టారు. ఒక పేషెంటు దగ్గరైతే సరిగ్గా రాలేదని మూడుసార్లు లెక్కపెట్టారు. టైముతో సహా రాసుకున్నాను."

"అది నువ్వు చూస్తున్నావని!" అంది సిస్టర్. తన గొంతు తనకే కీచుమని వినిపించింది.

సూపరింటెండెంటు గంట కొట్టి ఆయమ్మని పిలిపించారు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది, తడి చేతులు యూనిఫారానికి తుడుచుకుంటూ. గంజి మడతల మీద తడి మరకలు పడ్డాయి.

"సిస్టరుగారు వేరే విధంగా చెబుతున్నారు" అన్నారాయన. "ఆ రోజు నువ్వు ఆవిడకి చెప్పావట. నువ్వేమో చెప్పలేదని రాసిచ్చావు. ఏది నిజం? భయపడకుండా చెప్పు."

ఆయమ్మ సిస్టర్ వంక చూసింది. సిస్టర్ తల ఆడించింది, చెప్పు అన్నట్టు. చెప్పు, నేనున్నాను అన్నట్టు. ఆయమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి.

"సిస్టరమ్మకి ఒంట్లో బాగుండటం లేదు సార్" అంది. "ఆ టైలరమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంతే. ఏవో వినిపిస్తున్నట్టు చెవి పెట్టి నిలబడిపోతారు. నిన్న మా ఇంటికొచ్చి కూడా ఇలాగే ఏడ్చారు. మంచి మనసు సార్, తట్టుకోలేకపోతున్నారు. నేను రాసిచ్చిందే నిజం."

సూపరింటెండెంటు పెద్దగా ఊపిరి విడిచి, కుర్చీలో వెనక్కి వాలారు. ఆయమ్మ మాటని ఆ ఆస్పత్రిలో ఒకరు పూర్తిగా నమ్మడం అదే మొదటిసారి.

"నేనే గమనించాల్సింది" అన్నారాయన మెత్తగా. "రెండు వారాలు సెలవు తీసుకోండి సిస్టర్. రేపట్నుంచే. మీలాంటివాళ్ళు మాకు కావాలి, అందుకే చెబుతున్నాను. మీరు తిరిగొచ్చేసరికి ఈ అంకెల బాధ కూడా ఉండదు." ప్రశ్నలమ్మాయి జరిపిన కాగితం మీద సంతకం పెట్టారు. ఆ అమ్మాయి లేచి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి సిస్టర్ చేతికిచ్చింది. ఆమెకి నిజంగానే జాలి వేసింది.

ఆయమ్మ సిస్టర్‌ని మెట్ల మీదుగా పైకి నడిపించుకొచ్చింది. ఒక చెయ్యి మోచేతి కింద, ఇంకో చెయ్యి వీపు మీద, ఆపరేషన్ అయినవాళ్ళని నడిపించినట్టు. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

"నన్ను తిట్టుకోండమ్మా" అంది మెట్ల మలుపులో. "కొట్టినా పడతాను. కానీ మీరు మాటిచ్చి తప్పారు. నేనేం చెయ్యను?"

వార్డులో ఆయమ్మ ఆమెని ఖాళీ అయిన నాలుగో నంబరు మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. చిన్న సిస్టర్ ట్యాబు పట్టుకుని రెండు గంటల రౌండు మొదలుపెట్టింది. తల ఎత్తకుండా ఒక్కో మంచం దగ్గరా వేలితో నొక్కుకుంటూ పోతోంది. సిస్టర్ దాన్నే చూస్తోంది. లేచి ఆపుదామనుకుంది. ఎవరు వింటారు ఇప్పుడు? ఒంట్లో బాగాలేని మనిషి.

ఆయమ్మ బకెట్ తీసుకోబోయి ఆగింది. వంగి సిస్టర్ ఛాతీ వంక చూసింది, మెడ దగ్గర గుంట వంక చూసింది. ఆమె పెదాలు తనకి తెలియకుండానే లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"మీరు ఎగపోస్తున్నారమ్మా" అంది.

సిస్టర్ ఏదో చెప్పబోయింది. మాట రావడానికి ఊపిరి చాల్లేదు. ఆయమ్మ గభాలున నిటారుగా లేచి వార్డంతా కలయజూసింది, ఎవరికి చెప్పాలో తెలియక.